తలుపు తీసిన ప్రతిసారీ సున్నా డిగ్రీలు: సి లో టైప్ తెలిసిన క్యూ రాసుకున్నా

రొయ్యలు దాచే కోల్డ్ స్టోరేజ్ గది మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. టెంపరేచర్ కొలవడానికి, తలుపు తీయడం మూయడం రాసుకోవడానికి మేం పెట్టిన బాక్సు కొత్తగా కట్టిన రెండో గదికి మాత్రం రాత్రిపూట అప్పుడప్పుడు సున్నా చూపించేది, ఒకటో రెండో రీడింగులు, ఆ తర్వాత మళ్ళీ మామూలుగా మైనస్ 18. వాచ్‌మన్ రిజిస్టర్ తెప్పించి చూస్తే సరిగ్గా ఆ టైముకే తలుపు తీసి సరుకు లోపలికి పంపించారు, ఇంకేముంది, తలుపు తీశారు కాబట్టి బయట గాలి తగిలింది, వైజాగ్ ఉక్కపోత సంగతి తెలిసిందే కదా అని అందరం సర్దిచెప్పుకున్నాం. పదకొండు రోజులు అలాగే నమ్మాం.

అక్కడ కంప్రెసర్లు చూసుకునే పెద్దాయన ఒక్కరే నమ్మలేదు. "ఏటమ్మా ఇది, తలుపు తీస్తే రెండు మూడు డిగ్రీలు కదులుద్ది గానీ, నిమిషంలో పద్దెనిమిది డిగ్రీలు ఎక్కీసి ఇంకో నిమిషంలో దిగిపోద్దా? లోపల అంత సరుకు గడ్డకట్టుకుని ఉందాయె" అన్నారు. ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఆఫీసుకెళ్ళి స్క్రీన్ మీద కనబడేది వదిలేసి బాక్సు పంపిన ముడి డేటా తీశా. మేం టెంపరేచర్‌ని డిగ్రీలో వందో వంతుల్లో దాస్తాం, అంటే మైనస్ 18 అయితే మైనస్ 1800 అని ఉంటది. ఆ తేడా రీడింగుల్లో ఉన్న అంకెలు రెండే రెండు: 1, తర్వాత 0. మళ్ళీ ఇంకో రోజు 1, 0. స్క్రీన్ మీద ఒక దశాంశానికి రౌండ్ చేస్తాం కాబట్టి రెండూ 0.0 లాగే కనబడ్డాయి. మా కోడ్‌లో 1 అంటే తలుపు తీశారు, 0 అంటే మూశారు.

వచ్చిన డేటాని మేం క్యూలో పెడతాం, అంటే ముందొచ్చింది ముందు బయటికి పోయే వరసలో. తలుపు కబురు టెంపరేచర్ క్యూలోకి వెళ్ళి టెంపరేచర్ లాగా బయటికొచ్చింది. గదిలో వేడి పెరగనే లేదు.

ఎలా జరిగిందో చెప్తా, ఎందుకంటే సి ప్రోగ్రామింగ్ భాషలో క్యూ రాసినవాళ్ళు చాలామంది ఇలాగే రాసుంటారు, నేను కూడా మూడేళ్ళ కింద ఇలాగే రాశా. మా ప్రోగ్రాంలో రెండు స్ట్రక్ట్‌లున్నాయి, అంటే కొన్ని విలువల్ని కలిపి పేరు పెట్టిన డేటా రకాలు (టైపులు). రీడింగ్‌లో సెన్సర్ నంబర్ 2 బైట్లు, టెంపరేచర్ 2 బైట్లు, టైమ్ 4 బైట్లు. తలుపు ఈవెంట్‌లో తలుపు నంబర్ 2 బైట్లు, తీశారా మూశారా అన్నది 2 బైట్లు, టైమ్ 4 బైట్లు. రెండూ 8 బైట్లే, లోపల గళ్ళు కూడా అచ్చంగా ఒకే కొలత. క్యూ ఏమో వాయిడ్ పాయింటర్ క్యూ (వాయిడ్ పాయింటర్ మెమరీలో చోటు చెప్తది గానీ అక్కడున్నది ఏ టైపో చెప్పదు), అంటే మొదట్లో ఒక్కో ఐటమ్ సైజు ఎంతో చెప్తే చాలు, పుష్ చేసేటప్పుడు (లోపల పెట్టేటప్పుడు) ఒక వాయిడ్ పాయింటర్ ఇస్తే అది అన్ని బైట్లు మెమ్‌కాపీ చేసుకుంటది, పాప్ చేసేటప్పుడు (బయటికి తీసేటప్పుడు) ఇంకో వాయిడ్ పాయింటర్ ఇస్తే అందులోకి కాపీ చేసిస్తది. స్టాండర్డ్ లైబ్రరీలో వరస పేర్చే క్యూసార్ట్ కూడా ఇదే పద్ధతి, దానికీ సైజు చెప్తాం, కంపేర్ చేసే ఫంక్షన్‌కి వాయిడ్ పాయింటర్లే వస్తాయి. ఆ పద్ధతి పాతది, గౌరవమైనది, కానీ దాని అర్థం ఏంటంటే, రాసిన కోడ్‌ని చిప్ నడిపే రూపంలోకి మార్చే కంపైలర్ కళ్ళకి మనమే గంతలు కడుతున్నాం. సి లో డేటాని చూపే ఏ పాయింటర్ అయినా వాయిడ్ పాయింటర్‌కి, వాయిడ్ పాయింటర్ అలాంటి ఏ పాయింటర్‌కైనా కాస్ట్ (టైపు మార్చమని విడిగా రాయడం) లేకుండానే మారిపోద్ది, సి ప్లస్ ప్లస్‌లో అయితే వెనక్కి మార్చేటప్పుడన్నా కాస్ట్ రాయాలి, ఇక్కడ అదీ అక్కర్లేదు.

రెండో గది చేర్చేటప్పుడు గదికో స్ట్రక్ట్ పెట్టి అందులో రెండు క్యూలు పెట్టాం, రీడింగులకి ఒకటి, తలుపులకి ఒకటి. పై లైను కాపీ చేసి కింద అతికించి ఎడమ పక్క పేరు మార్చారు, కుడి పక్క మార్చడం మర్చిపోయారు. రెండు పేర్లూ ఒకే క్యూని చూపించాయి. వార్నింగులన్నీ ఆన్ చేసే ఉన్నాయి, ఒక్కటీ రాలేదు, ఎందుకొస్తది, రెండు క్యూల టైపూ ఒకటేనాయె. నేను పోనీ సైజన్నా చెక్ చేద్దామని లోపల అసర్ట్, అంటే నిజం కాకపోతే ప్రోగ్రాం ఆపేసే పరీక్ష, పెట్టుకున్నా, 8 కి 8 సరిపోయి అదీ ఊరుకుంది.

ఆ సాయంత్రం నాన్నతో ఆర్కే బీచ్‌కి వెళ్ళా. నాన్న పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. కురుసుర సబ్‌మెరీన్ దాటి కొంచెం ముందుకెళ్ళి కూర్చుంటే సముద్రంలో దూరంగా ఓడలు లంగరేసి నిలబడి ఉంటాయి కదా, చీకటి పడ్డాక లైట్లు వేసుకుని వరసగా. చిన్నప్పట్నుంచి అవి లైన్లో ఉన్నాయి, ముందొచ్చింది ముందు లోపలికి పోద్ది అనుకునేదాన్ని. నా బగ్ గురించి చెప్తూ ఆ మాటే అన్నా. నాన్న తల అడ్డంగా ఊపి, "ఒకే వరస కాదమ్మా అది. ఆయిల్ ఓడకి ఆయిల్ బెర్తు, బొగ్గుకి బొగ్గు బెర్తు, కంటైనర్లకి వేరే, పెద్ద ఓడలైతే లోతు సరిపోక ఇన్నర్ హార్బర్‌కి రానే రావు, ఔటర్ హార్బర్‌లోనే. సరుకుని బట్టి, ఓడని బట్టి వరస. బొగ్గు ఓడ తిన్నగా ఆయిల్ జెట్టీకి వచ్చీసాక అయ్యో తప్పయింది అనుకుంటే ఏం లాభం, పైలట్ ఎక్కకముందే తేలిపోవాలి" అన్నారు.

పైలట్ అంటే ఓడని హార్బర్‌లోకి నడిపించుకొచ్చే ఆయన. పైలట్ ఎక్కకముందే, అదే నాకు కావల్సింది. ప్రోగ్రాం బాక్సులోకి ఎక్కకముందే, కంపైల్ దగ్గరే తేలిపోవాలి. క్యూ లాజిక్ ఒక్కసారే రాయాలి కానీ ప్రతి టైపుకీ దాని సొంత క్యూ టైపు తయారవ్వాలి, రీడింగ్ క్యూ వేరు తలుపు క్యూ వేరు అని కంపైలర్‌కి తెలియాలి.

దీనికి సి లో దారులు లేకపోలేదు. బిఎస్‌డి యూనిక్స్ నుంచి వచ్చిన క్యూ హెడర్ ఒకటుంది (హెడర్ అంటే వేరే ఫైళ్ళలోకి ఇంక్లూడ్ చేసుకునే ఫైల్), అన్నీ మాక్రోలే, అంటే కంపైల్‌కి ముందే పేరు చోట కోడ్ అతికించేవి, లింకు పాయింటర్ మన స్ట్రక్ట్ లోపలే పెట్టుకోవాలి, టైప్ మాక్రోకి ఇస్తాం కాబట్టి తేడా పట్టుకుంటది, చాలా మంచి పని, కానీ అది లింక్డ్ లిస్టు, ఒక్కో ఐటమ్‌కి మెమరీ ఎక్కడో మనమే చూసుకోవాలి, మాలాక్ (నడిచేటప్పుడు అడిగి మెమరీ తెచ్చుకునే ఫంక్షన్) వాడని చిన్న చిప్ మీద నాకది కుదరదు. లైనక్స్ కెర్నల్‌లో కెఫిఫో అని ఒక క్యూ ఉంది, అది చదివి తీరాల్సిన కోడ్. అసలు క్యూతో పాటు ఒక యూనియన్‌లో (అందులో ఉన్నవన్నీ ఒకే మెమరీని పంచుకుంటాయి) మన టైపుకి ఒక పాయింటర్ కూడా పెడతారు, ఆ పాయింటర్‌లో డేటా ఏమీ దాచరు, ఊరికే టైప్ గుర్తుగా ఉంటది, మాక్రోలు టైపాఫ్‌తో (దేని టైపు ఏంటో అడిగేది) దాన్ని చూసి మనం ఇచ్చినది సరైనదా కాదా కంపైలర్ చేత చెప్పిస్తాయి. యూనియన్‌లో ఉంది కాబట్టి ఒక్క బైటు కూడా ఎక్కువ ఖర్చు కాదు. టైపాఫ్ అప్పట్లో గ్నూ ఎక్స్‌టెన్షన్, సి23 అనే కొత్త వెర్షన్‌లో స్టాండర్డ్‌లోకి వచ్చింది. మాకు చిప్ కంపెనీ ఇచ్చిన కంపైలర్ అంత కొత్తది కాదు, అందుకని ఆ దారి కూడా వదిలేశా. సి11 లో వచ్చిన జెనరిక్ అనే కీవర్డ్ పేరు చూసి చాలామంది ఇదే జవాబు అనుకుంటారు, నేనూ అనుకున్నా, కానీ అది చేసేదేంటంటే మనం ముందే రాసిపెట్టిన టైపుల జాబితాలోంచి ఒకటి ఎంచుకోవడం, రేపు ఎవరో కొత్త స్ట్రక్ట్ పెడితే దాని పేరు ఆ జాబితాలో ఉండదు కదా.

మిగిలింది అందరికీ తెలిసిన పాత ఉపాయం, మాక్రో చేత కోడ్ రాయించడం. టైపూ, పేరూ, ఎన్ని గళ్ళో ఇస్తే, ఆ పేరుతో ఒక స్ట్రక్ట్, దానికి పుష్, పాప్, ఎన్నున్నాయో చెప్పేది, ఇవన్నీ స్టాటిక్ ఇన్‌లైన్ ఫంక్షన్లుగా పుట్టించాలి. పుష్ ఐటమ్‌ని వాల్యూగా తీసుకుంటది, పాయింటర్‌గా కాదు, పాప్ మాత్రం ఆ టైప్ పాయింటర్ ఒకటి తీసుకుని దొరికిందా లేదా అని బూల్ తిరిగిస్తది. లోపల ఐటమ్‌లు ఆ టైపు ఎర్రేలోనే ఉంటాయి, వాయిడ్ అన్న మాటే రాదు, మెమ్‌కాపీ కూడా రాదు, మామూలు అసైన్‌మెంటే. దీంతో అనుకోకుండా ఇంకో లాభం, పాత క్యూకి సైజు రన్ అయ్యేటప్పుడే తెలిసేది, ఇప్పుడు కంపైలర్‌కి ముందే తెలుసు కాబట్టి 8 బైట్ల కాపీకి ఫంక్షన్ కాల్ పోయి ఒకటి రెండు ఇన్‌స్ట్రక్షన్లు మిగిలాయి.

గళ్ళన్నీ గుండ్రంగా తిరిగే రింగు బఫర్. ఇక్కడ అందరికీ వచ్చే తగువు ఒకటి: హెడ్ (తీసే చోటు), టెయిల్ (పెట్టే చోటు) రెండూ ఒకే గడి మీదుంటే క్యూ ఖాళీనా నిండిందా? కొందరు ఒక గడి ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తారు, కొందరు విడిగా కౌంట్ పెట్టుకుంటారు. నాకు నచ్చింది మూడోది, హెడ్, టెయిల్ ని గడి నంబర్లుగా కాకుండా ఎప్పుడూ పెరుగుతూ పోయే కౌంటర్లుగా ఉంచడం, ఇప్పటిదాకా ఎన్ని తీశాం, ఎన్ని పెట్టాం అని. రెండింటి తేడా ఎంతో అన్ని ఐటమ్‌లు ఉన్నట్టు, తేడా సున్నా అయితే ఖాళీ, గళ్ళన్ని అయితే నిండింది. గడి నంబర్ కావాలంటే మాస్క్ వేస్తే సరి, 8 గళ్ళున్న క్యూలో కౌంటర్ 13 ని 7 తో బిట్టు బిట్టుకీ యాండ్ చేస్తే 5. కౌంటర్ 32 బిట్ల అన్‌సైన్డ్ (మైనస్ లేనిది) అయితే 4294967295 తర్వాత మళ్ళీ 0 కి వస్తది, వచ్చినా పర్లేదు, అన్‌సైన్డ్ చుట్టు తిరగడం సి స్టాండర్డ్ ఒప్పుకున్న లెక్కే, టెయిల్ 2, హెడ్ 4294967294 అయితే తీసివేత 4 అనే వస్తది. సైన్డ్ ఇంట్ పెడితే మాత్రం ఆ హామీ లేదు, అది పొంగితే ప్రోగ్రాం ఏం చేసినా చేయొచ్చు.

గళ్ళ సంఖ్య రెండు ఘాతమే (2, 4, 8, 16 లాగా) ఉండాలన్నది ఊరికే స్పీడు కోసం అనుకునేదాన్ని. కాదు. 10 గళ్ళు పెట్టి శేషం తీస్తే, 4294967295 కి గడి 5, తర్వాతది 6 అవ్వాలి, కానీ కౌంటర్ 0 కి వచ్చింది కాబట్టి గడి 0 కి దూకేస్తది, మధ్యలో ఉన్నవన్నీ గల్లంతు. ఎప్పుడో నాలుగొందల కోట్ల ఐటమ్‌ల తర్వాత కదా అనుకోవద్దు, చిన్న చిప్ మీద కౌంటర్ 16 బిట్లో 8 బిట్లో పెడితే ఆ రోజు తొందరగానే వస్తది.

ఆ 8 బిట్ల దగ్గరే నేను రెండు రోజులు ఆగిపోయా. తలుపు క్యూకి 16 గళ్ళు చాలు, కౌంటర్‌కి 8 బిట్లు చాలని పెట్టా. టెస్టులో 300 సార్లు పెట్టడం తీయడం చేస్తే 256 దాటిన దగ్గర లెక్క తేడా కొట్టింది. టెయిల్ 2, హెడ్ 254, రావాల్సింది 4, వచ్చింది మైనస్ 252. ఎందుకంటే సి లో ఇంట్ కంటే చిన్న టైపులేవైనా లెక్క చేసేముందు ఇంట్‌గా మారిపోతాయి, కాబట్టి తీసివేత 8 బిట్లలో జరగనే లేదు, ఇంట్‌లో జరిగింది, చుట్టు తిరగాల్సింది తిరగలేదు. వచ్చిన జవాబుని మళ్ళీ 8 బిట్ల టైపుకి కాస్ట్ చేస్తే 4 వచ్చేసింది. ఒక్క కాస్ట్. సి లో ఇన్నేళ్ళు రాస్తున్నా ఇది ఇంత దగ్గర్నుంచి చూసింది ఇప్పుడే, అందుకే ఇంత విడమరిచి రాస్తున్నా, ఎవరైనా చిన్న కౌంటర్లతో రింగు బఫర్ రాస్తుంటే ముందు ఇది చూసుకోండి.

గళ్ళ సంఖ్య రెండు ఘాతమా కాదా అన్నది మనిషి గుర్తుపెట్టుకునే పని కాకూడదని, కంపైల్ అయ్యేటప్పుడే చూసే స్టాటిక్ అసర్ట్ పెట్టా, అది సి11 నుంచి ఉంది. ఎన్‌ని ఎన్ మైనస్ ఒకటితో యాండ్ చేస్తే సున్నా రావాలి. బ్రాకెట్లు పెట్టకుండా రాస్తే ఇది తప్పు, ఎందుకంటే సి లో రెండు ఈక్వల్ గుర్తులు ముందు పట్టుకుంటాయి, యాండ్ తర్వాత. ఈ వింత వరస ఎందుకో సి భాష చేసిన డెన్నిస్ రిచీ తనే రాశారు, ముందున్న బి భాషలో రెండు యాండ్ గుర్తులుండేవి కావట, ఒక్క యాండే అన్ని పనులకీ వాడేవాళ్ళు, సి లో కొత్తది తెచ్చినప్పుడు పాత కోడ్ మార్చుకోవడం కష్టం కాకూడదని పాత వరసే ఉంచేశారు. యాభై ఏళ్ళ కింద తీసుకున్న నిర్ణయానికి మనం ఇప్పుడు బ్రాకెట్లు కడుతున్నాం. ఇంకోటి, సున్నా కూడా ఆ పరీక్ష పాసైపోద్ది, అందుకని సున్నా కంటే ఎక్కువ ఉండాలని విడిగా రాయాలి.

మొదటి వెర్షన్ మొత్తం ఒక పెద్ద మాక్రోగా రాశా, ప్రతి లైను చివర వెనక్కి వాలిన గీత పెట్టుకుంటూ. పనిచేసింది, కానీ తప్పొస్తే భరించలేం, కంపైలర్ దృష్టిలో ఆ కోడ్ అంతా ఒకే లైను, ఎర్రర్ ఎక్కడుందో చెప్పదు, డీబగర్‌లో ఒక్క అడుగేస్తే ఫంక్షన్ మొత్తం దాటేస్తది. అందుకని దాన్ని హెడర్‌గా మార్చా. హెడర్‌ని ఇంక్లూడ్ చేసే ముందు టైప్ ఏంటో, పేరేంటో, గళ్ళెన్నో డిఫైన్ చేస్తాం, హెడర్ వాటిని వాడుకుని మామూలు కోడ్ లాగే ఫంక్షన్లు రాసి, చివర్లో ఆ డిఫైన్‌లన్నీ తీసేస్తది. ఇంకో టైప్ కావాలంటే మళ్ళీ డిఫైన్ చేసి మళ్ళీ అదే హెడర్ ఇంక్లూడ్. ఇప్పుడు ఎర్రర్ వస్తే సరైన లైన్ నంబర్ వస్తది, డీబగర్ లైను లైనుకీ ఆగుద్ది.

ఇందులో పేర్లు అతికించే దగ్గర ఒక చిక్కుంది. రెండు హ్యాష్ గుర్తులతో రెండు ముక్కల్ని అతికిస్తే, ప్రీప్రాసెసర్ (మాక్రోలని విప్పేది) ఆ ముక్కలు మాక్రోలైనా వాటిని విప్పదు, ఉన్నదున్నట్టు అంటిస్తది. రీడింగ్_పుష్ రావాల్సిన చోట పేరు_పుష్ అని వచ్చింది, మొదటి టైపుకి ఏమీ అనలేదు, రెండో టైపు ఇంక్లూడ్ చేయగానే అదే ఫంక్షన్ మళ్ళీ రాశావని గోల. మధ్యలో ఇంకో మాక్రో పెట్టి, బయటిది లోపలిదాన్ని పిలిచేలా చేస్తే, ఆ పిలుపులో పేరు విప్పుకుని వెళ్ళి అప్పుడు అతుకుద్ది. అందరి కోడ్‌లోనూ కనబడే ఆ రెండు మెట్ల మాక్రో అందుకే, అలవాటుకి పెట్టింది కాదు. టైపునీ పేరునీ విడివిడిగా అడగడానికీ కారణం ఇదే, చార్ స్టార్ అనే టైపుని పేరులో అతికించలేం, స్టార్ పేర్లలో రాదు కదా.

ఆ హెడర్ రాసి పెట్టి రెండు రోజులు సెలవు పెట్టా, వచ్చేసరికి మా జూనియర్ కుర్రోడు, శ్రీకాకుళం నుంచి కొత్తగా జాయినయ్యాడు, దిగులుగా కూర్చున్నాడు. "అక్కా, రీడింగ్ క్యూ వస్తంది గానీ తలుపు క్యూ అసలు పుట్టట్లేదు, నానేటి తప్పు చేశానో తెలీట్లేదు" అన్నాడు. చూస్తే హెడర్ పైన గార్డ్ పెట్టాడు. ప్రతి హెడర్‌కీ రెండుసార్లు ఇంక్లూడ్ అవ్వకుండా గార్డ్ పెట్టాలని కాలేజీలో నేర్పిస్తారు, వాడు నేర్చుకున్నది తూచా తప్పకుండా చేశాడు. కానీ ఈ హెడర్ పనే రెండుసార్లు మూడుసార్లు రావడం. తప్పు వాడిది కాదు, పైన ఒక్క లైను కామెంట్ రాయనిది నేను, ఇప్పుడు రాశా, దీనికి గార్డ్ పెట్టొద్దు, కారణం ఇదీ అని. "మరి అలాగైతే టైప్ డిఫైన్ చేయడం మర్చిపోతే?" అన్నాడు. మంచి ప్రశ్న. అప్పుడు హెడరే ఎర్రర్ డైరెక్టివ్‌తో కంపైల్ ఆపేసి టైప్ ఇవ్వలేదని చెప్పేలా చేశాం, ఆ ముక్క వాడే రాశాడు.

ఇంత చేశాక కూడా టైప్ భద్రత దానంతటదే పూర్తిగా రాదు, ఇది నిజాయితీగా చెప్పాలి. స్ట్రక్ట్‌ల మధ్య తేడా సి గట్టిగా పట్టుకుంటది, రీడింగ్ పెట్టాల్సిన చోట తలుపు ఈవెంట్ పెడితే కంపైల్ అవ్వదంతే. కానీ మామూలు అంకెల మధ్య పట్టుకోదు. టెంపరేచర్ 16 బిట్ల ఇంట్, తలుపు నంబర్ 16 బిట్ల ఇంట్, టైప్‌డెఫ్‌తో రెండు పేర్లు పెట్టినా కంపైలర్‌కి అవి మారుపేర్లే తప్ప వేరే టైపులు కావు. అందుకని అంకెలు వెళ్ళే క్యూలకి ఒక్క మెంబరే ఉన్న స్ట్రక్ట్ చుట్టా, సెల్సియస్ ఒక స్ట్రక్ట్, తలుపు నంబర్ ఇంకో స్ట్రక్ట్. మా కంపైలర్‌లో సైజు ఒక్క బైటు పెరగలేదు, రాసేటప్పుడు ఒక చుక్క, ఒక పేరు ఎక్కువ, అంతే.

ఇంకోటి మా బగ్‌కి సరిగ్గా తగిలేది. ఒక క్యూ పాయింటర్ ఉండాల్సిన చోట ఇంకో క్యూ పాయింటర్ ఇస్తే, పాత కంపైలర్లు దాన్ని వార్నింగ్‌గా వదిలేస్తాయి. జిసిసి అనే కంపైలర్ 14వ వెర్షన్ నుంచి, అంటే 2024 నుంచి, అది మామూలుగానే ఎర్రర్ అయింది. మాది పాతది కాబట్టి ఆ ఒక్క వార్నింగ్‌ని ఎర్రర్‌గా చూడమని ఫ్లాగ్ పెట్టా. ఆ ఫ్లాగ్ లేకపోతే ఇంత కష్టపడి వేర్వేరు టైపులు పుట్టించి కూడా, స్క్రీన్ మీద వందల లైన్ల మధ్యలో ఒక పసుపు లైనుగా పోయేది. చిప్ లైబ్రరీలో ఇంటరప్ట్ (నడిచే పనిని ఆపి మధ్యలో దూరే పని) రిజిస్టర్ చేసే ఫంక్షన్ వాయిడ్ పాయింటరే అడుగుద్ది, అక్కడ ఏమీ చేయలేం, కాబట్టి ఆ మారకం ఒకే ఒక ఫైల్‌లో ఒకే చోట జరిగేలా చూసుకున్నా, ఇంకెక్కడా కోడ్‌లో వాయిడ్ స్టార్ కనబడితే రివ్యూలో ఆపేస్తాం. ఇంటరప్ట్ ఒక పక్క పెడుతూ మెయిన్ లూప్ ఇంకో పక్క తీస్తుంటే కౌంటర్లకి వోలటైల్ అని రాసేస్తే సరిపోదు, సి11 అటామిక్‌లు (మధ్యలో ఎవరూ దూరలేని లెక్కలు) కావాలి, దాని గురించి రాయాలంటే ఇంతే పొడవు ఇంకో పోస్టు అవుద్ది.

పెరిగే క్యూ మా చిప్‌కి అక్కర్లేదు గానీ, ఆఫీస్ కంప్యూటర్‌లో నడిచే టూల్‌కి కావాల్సొచ్చింది, అక్కడ రీఅలాక్ (ఉన్న మెమరీని పెద్దది చేయడం) చేసి ఊరుకుంటే తప్పు. 8 గళ్ళ క్యూలో ఐటమ్‌లు 6, 7, 0, 1, 2 గళ్ళలో ఉన్నాయనుకోండి, 16 కి పెంచగానే 7 తర్వాత 8 కి వెళ్తది, అక్కడ చెత్త ఉంటది, అసలువి 0 దగ్గరే ఉండిపోతాయి. కొత్త మెమరీ తీసుకుని వరసలో మొదటి గడి నుంచి కాపీ చేసి కౌంటర్లు సున్నా నుంచి మొదలెట్టడమే తేలిక.

శుక్రవారం మధ్యాహ్నం పాత క్యూ ఫైల్ తీసేసి కొత్త హెడర్ పెట్టి మొత్తం కోడ్ కంపైల్ చేశాం, జూనియర్ పక్కనే నిలబడ్డాడు. మార్చాల్సినవన్నీ మార్చుకుంటూ వచ్చాక చివరికి రెండు ఎర్రర్లు మిగిలాయి. మొదటిది నేను ఎదురుచూస్తున్నదే, రెండో గది దగ్గర కాపీ చేసిన లైను. రెండోది ఎవరూ ఊహించనిది. నెట్ లేనప్పుడు సర్వర్‌కి పంపలేకపోయిన ఈవెంట్‌ని తిరిగి క్యూలో పెట్టే చోట, తలుపు ఈవెంట్‌ని రీడింగ్ క్యూలో పెడుతున్నాం. రెండో గది సంగతి కాదు, మొదటి నుంచీ, అన్ని గదులకీ. నెట్ పోయినప్పుడే నడిచే దారి కాబట్టి టెస్టులో ఎప్పుడూ తగల్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక ఈ ఊళ్ళో కరెంటూ ఫోన్లూ లేకుండా ఎన్ని రోజులు గడిపామో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, అలాంటి రోజుల్లో, అంటే కోల్డ్ స్టోరేజ్ వాళ్ళకి సరైన టెంపరేచర్ అన్నిటికంటే అవసరమైన రోజుల్లో, మా బాక్సు తలుపు లెక్కల్ని డిగ్రీలుగా రాసుకుంటూ కూర్చునేది. ఆ ఎర్రర్ లైను చూస్తూ ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

దాన్ని సరైన క్యూకి మార్చి వదిలేద్దాం అనుకున్నా గానీ, అసలు తీసినదాన్ని తిరిగి వెనక పెట్టడమే తప్పు, ముందొచ్చింది వెనక్కి పోయి వరస చెడిపోద్ది. అందుకని హెడర్‌లో పీక్ ఒకటి చేర్చాం, ముందున్న ఐటమ్‌ని చూసి పంపడం, సర్వర్ అందిందని చెప్పాకే దాన్ని తీసేయడం. తిరిగి పెట్టే కోడ్ మొత్తం పోయింది.

శనివారం సాయంత్రం బాక్సులో ఎక్కించి వచ్చాం. ఆ రాత్రి రెండో గది తలుపు నాలుగు సార్లు తీశారు, నాలుగూ తలుపుల లాగ్‌లో పడ్డాయి, ఆ గది రీడింగుల్లో అన్నిటికంటే పెద్దది మైనస్ 16.4. పొద్దున్నే పెద్దాయనకి ఫోన్ చేసి ఆ అంకె చెప్పా. కాసేపు ఆలోచించి, "ఆ, మరది. ఇప్పుడు కుదిరింది" అన్నారు.